ఎంఈఎస్‌ల (కరెంటు షాక్‌తో మూర్ఛ తెప్పించే టెస్టుల) కంట్రోల్ ఎలుకలే కాళ్లు చాపుతలేవు, ఏం చెయ్యాలె?

ప్రశ్న (నల్లగొండ, ఎం.ఫార్మ్):
ఒక ఆకు సారం మూర్ఛను ఆపుతదా అని చూస్తున్నం. విస్టార్ జాతి ఎలుకలు, 180–220 గ్రాములు. చెవి క్లిప్పులు, 150 మిల్లీయాంప్‌లు, 0.2 సెకన్లు. మందు లేని ఉత్త సీఎంసీ (సారం కలిపే జిగురు నీళ్లు) తాగించిన కంట్రోల్ గ్రూపుల ఆరింట్ల నాలుగే వెనుక కాళ్లు బిగదీసి చాపినయి (పూర్తి మూర్ఛకు గుర్తు అదే). సారం తాగిన గ్రూపుల రెండు. చిట్టెలుకలకు పీటీజెడ్ (ఫిట్స్ తెప్పించే రసాయనం) ఇచ్చి చూస్తే సారం అస్సలు పనిచెయ్యలే. రెండు టెస్టులకు పొంతన లేదు, ఏది రాయాలె?

జవాబు (పాలమూరు ల్యాబ్):
సారం సంగతి తర్వాత. మందు లేకుంటనే రెండు తప్పించుకున్నంక, నాలుగు తప్పించుకున్నయంటే సారం పనే అని ఎట్ల చెప్తరు? ఆ రోజు లెక్క పక్కన పెట్టుండ్రి.

డయల్ మీది 150 మీరు అడిగిన కరెంటు, ఎలుకకు అందింది కాదు. చెవి ఎండిపోయి ఉంటే నిరోధం పెరుగుతది, పాత మిషన్ ఆ మేరకు వోల్టేజీ పెంచలేదు. ఎండకాలం కూలర్ గాలికి సెలైన్ జల్ది ఆరుతది. చెవులు తుడిచి, క్లిప్పు దూదిని ప్రతి ఎలుకకు మళ్ల 0.9 శాతం సెలైన్‌ల తడపాలె. కారేటంత తడిపినా కష్టమే: తల మీద తడి కలిస్తే కరెంటు పైపైనే పోతది. టెక్నీషియన్‌తో క్లిప్పుల నడుమ 1,000 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టించి కొలిపియ్యుండ్రి. 150 వోల్టులు రాకుంటే లోపం మిషన్‌దే.

చానామంది ఒకరోజు ముందే షాక్ ఇచ్చి, కాళ్లు చాపినవాటినే తీసుకుంటరు. మంచి పద్ధతే, గని ఆ రెండో షాక్ ఫారం బీల (జంతువుల ప్రయోగాల దరఖాస్తుల) రాసి ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోవాలె.

జవాబు (ఫార్మకాలజీ, దేవరకొండ):
పొంతన లేకపోవుడు తప్పేం కాదు. మూర్ఛ మందుల్లనే చూడుండ్రి: ఫెనిటాయిన్ ఫిట్స్‌ను ఎంఈఎస్‌ల ఆపుతది, పీటీజెడ్‌ల ఆపదు. ఇథోసక్సిమైడ్ దానికి ఉల్టా. వాల్‌ప్రోయేట్ రెండిట్ల పనిచేస్తది. అందుకే పీటీజెడ్‌కు ఫెనిటాయిన్‌ను స్టాండర్డ్‌గ (పోల్చి చూసే మందుగ) పెట్టకుండ్రి, వాల్‌ప్రోయేట్ పెట్టుండ్రి.

పీటీజెడ్ డోసు: చిట్టెలుకకు కిలోకు 85 మి.గ్రా., మెడ వెనుక వదులు చర్మం కింద. మిల్లీలీటరుకు 8.5 మి.గ్రా. కలిపితే 25 గ్రాముల చిట్టెలుకకు 0.25 మి.లీ. సూది గుంజంగనే మందు బయటికొస్తది, ఆ చోటును కొంచెం సేపు వేలితో అదిమి పట్టాలె. 30 నిమిషాలు చూడాలె. ఒకసారి ఉలిక్కిపడితే లెక్క కాదు, కనీసం 5 సెకన్లు ఆగకుండ కొట్టుకోవాలె. 85 అనేది 97 శాతం చిట్టెలుకలకు ఫిట్స్ తెప్పించే డోసు. మీ జాతికి అది సరిపోతదో లేదో ముందు కొన్నిటి మీద చూసుకోండ్రి.

ప్రశ్న వేసినవారు:
సారం తాగించిన గంటకు షాక్ ఇస్తున్నం. టైం సరిపోతదా అన్నా?

జవాబు (పాలమూరు ల్యాబ్):
గంట అని ఎవరు చెప్పిన్రు తమ్మీ? 15 నిమిషాలు, అరగంట, 1, 2, 4 గంటలకు వేర్వేరు గ్రూపులు పెట్టి, ఎక్కువ కాపాడిన టైం పట్టుకోవాలె. అదే టైంకు చిట్టెలుకలను రోటారాడ్ (తిరిగే కడ్డీ) ఎక్కియ్యుండ్రి: నిమిషానికి 6 చుట్లు, ఒక నిమిషంల మూడుసార్లు పడితే ఒంటి పట్టు తప్పినట్టు. మత్తెక్కి పడున్న జంతువుకు ఫిట్స్ తగ్గితే అది మందు గొప్ప కాదు. సగం వాటికి పట్టు తప్పించే డోసును సగాన్ని కాపాడే డోసుతో భాగించి ఆ అంకె థీసిస్‌ల రాయాలె.

రెండు టెస్టుల్లనూ సున్నా వచ్చినా సారాన్ని పారేయకుండ్రి. లెవెటిరాసెటమ్ అనే మూర్ఛ మందు ఈ రెండిట్లనూ తేలలే. కిండ్లింగ్ చేసిన (పదేపదే చిన్న షాకులిచ్చి మూర్ఛకు అలవాటు చేసిన) ఎలుకల్ల బయటపడ్డది. మీ కాలేజీల 6 హెర్ట్జ్ మిషన్ (సెకనుకు 6 సార్లు షాక్ ఇచ్చేది) ఉంటే 32 మిల్లీయాంప్‌లు, 3 సెకన్లతో షురూ చెయ్యొచ్చు.