చైన్ సా సెట్టింగు షెడ్డులో ఒకలా, తోటలో ఒకలా. ఎక్కడ తప్పుతున్నాను?

గోపాలపట్నం షెడ్డు:
అందరికీ నమస్తే. గోపాలపట్నంలో నాదొక చిన్న రిపేరు షెడ్డు. మందు కొట్టే స్ప్రేయర్లు, గడ్డి మిషన్లు చేస్తుంటాను, రెండేళ్ళ నుంచి చైన్ సాలు కూడా వస్తున్నాయి. ఇప్పుడొక 58 సీసీ చైనా మిషను నా ప్రాణం తోడేస్తోంది. కార్బేటర్ విప్పి కడిగాను, డయాఫ్రం కిట్టు మార్చాను, ప్లగ్గు కొత్తది, ఎయిర్ ఫిల్టర్ ఉతికి ఆరబెట్టాను. ఎల్, హెచ్ స్క్రూలు (స్లో స్పీడుకొకటి, ఫుల్ రేసుకొకటి పెట్రోలు సర్దేవి) రెండూ మెల్లగా ఆనేదాకా లోపలికి బిగించి, ఒక్కో తిప్పు వెనక్కి విప్పి, ఇంజను వేడెక్కాక చెవితో విని సర్దాను. షెడ్డులో బ్రహ్మాండంగా మోగింది. మర్నాడు పొద్దున్నే ఓనరు గుమ్మంలో! రేసు వదిలినా వెంటనే దిగట్లేదట, స్లో స్పీడులోనే చైను తిరిగిపోతోందట, నాలుగు దుంగలు కోసేసరికి ఆగిపోతోందట. మళ్ళీ సర్దాను, మళ్ళీ అదే. మూడోసారి వచ్చి "రాకపోతే రాదని చెప్పు బాబూ, మొహమాటం దేనికి" అనేశాడు. నలుగురి ముందూ. సాయం చెయ్యండి.

పెందుర్తి కుర్రోడు:
అన్నా, స్క్రూ ఊడిపోయే దాకా తిప్పేసి ఉంటావు, ఇంక అది కార్బేటర్ కాదు రేడియో 😄

ఆటోనగర్ పాత మెకానిక్:
తమ్ముడూ, ముందు ఆ స్క్రూడ్రైవర్ కింద పెట్టు. నువ్వు చెప్పిన మూడిట్లో మొదటిదే అసలు సంగతి. రేసు వదిలాక కూడా ఇంజను పైనే వేలాడుతూ ఉండి నెమ్మదిగా దిగుతోందంటే ఎక్కడో దొంగగాలి లాగుతోంది. పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైతే మిక్సరు పలచబడుతుంది, దాన్ని నువ్వు స్క్రూ విప్పి పెట్రోలు పెంచి కప్పెడుతున్నావు, వేడికి ఆ పగులు ఇంకాస్త తెరుచుకోగానే నీ సెట్టింగు గాల్లో కలిసిపోతోంది. ఒక పని చెయ్యి. స్లో స్పీడులో పెట్టి మిషన్ని ఎడమకీ కుడికీ పక్కకి వాల్చు, ముక్కు కిందకి దించు. వాల్చినప్పుడు రేసు మారితే క్రాంకు ఆయిల్ సీలు (ఇరుసు చుట్టూ గాలి ఆపే రబ్బరు వలయం) మీదో బేరింగు మీదో అనుమానం పెట్టుకో. మారకపోతే కార్బేటర్‌కీ సిలిండర్‌కీ మధ్య ఉండే రబ్బరు బూటు చూడు. చైనా మిషన్లలో అది గట్టిపడి, మడత లోపల వెంట్రుకలా చిట్లుతుంది. పైకి కనపడదు, వేలితో వంచి చూడాలి.

గోపాలపట్నం షెడ్డు:
గురువుగారూ, వాల్చితే కొంచెం మారుతోంది, మారనట్టూ ఉంది. ప్రెషర్ టెస్టు చేద్దామంటే ఆ గేజి సెట్టు నా దగ్గర లేదు, ఆన్‌లైన్‌లో ధర చూసి మూసేశాను.

ఆటోనగర్ పాత మెకానిక్:
దానికి సెట్టు ఎందుకయ్యా. ఇంట్లో బీపీ చూసే పాత మిషను ఉందా? చేత్తో నొక్కే బల్బు, గుండ్రటి మీటరు ఉన్నది. దాని ముల్లు 300 దాకా వెళ్తుంది, అంటే 0.4 బార్. కంపెనీ పుస్తకాల్లో మామూలుగా 0.5 బార్ అంటారు కానీ లీకు పట్టడానికి ఇది చాలు. సైలెన్సర్ విప్పి, పాత సైకిలు ట్యూబు ముక్క మధ్యలో పెట్టి మళ్ళీ బిగించు, ఎగ్జాస్టు మూసుకుంటుంది. కార్బేటర్ తీసి ఆ మూతికి కూడా రబ్బరు, పైన రేకు పెట్టి బిగించు. ఇంకా గాలి ఎక్కించే దారి కావాలి కదా, పనికిరాని ప్లగ్గు ఒకటి తీసుకుని లోపలి పింగాణీ పగలగొట్టేసి దాంట్లో సన్న గొట్టం అతికించుకో, నేను పదేళ్ళ కిందట చేసుకున్నది ఇప్పటికీ వాడుతున్నా. పిస్టన్ని అడుగుకి దించి (అప్పుడే పక్క దారులు తెరుచుకుని గాలి క్రాంకు గది దాకా వెళ్తుంది) బల్బు నొక్కు, ముల్లు నిలబడాలి. జారితే సబ్బు నీళ్ళు రాసుకుంటూ పో, బుడగ ఎక్కడొస్తే అక్కడ. ఇంకో మాట, సీలు పెదవి లోపలి నుంచి గాలి నొక్కితే ఆగి, లోపలికి లాగితే వదిలేస్తుంది ఒక్కోసారి. అందుకని గాలి నింపి చూడడమే కాదు, పెద్ద సిరంజితో గాలి లాగి కూడా చూడు.

ఎంవీపీ కాలనీ రిటైర్డ్:
మంచి ఉపాయం. ఈలోగా షెడ్డు గారూ, ఒక ప్రశ్న. ఓనరు ఏ పెట్రోలు పోస్తున్నాడు, ఆయిల్ ఎంత కలుపుతున్నాడు, ఎన్నాళ్ళ కిందట కలిపాడు? ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది, కాబట్టి పాత సెట్టింగు మీద ఇంజను పలచగా నడుస్తుంది, హెచ్ స్క్రూ కొంచెం ఎక్కువ విప్పాల్సి వస్తుంది. చాలా మిషన్ల పుస్తకాల్లో 10 శాతం దాటొద్దనే రాసి ఉంటుంది. పైగా అది గాలిలో తేమ పీలుస్తుంది, మన సముద్రం గాలి సంగతి చెప్పక్కర్లేదు. నెల దాటిన డబ్బాలో అడుగున నీళ్ళలాంటి పొర వేరుగా కనపడితే అది పారబొయ్యాల్సిందే. ఇథనాల్ ఎంతుందో చూడాలనుకుంటే గీతలున్న గాజు గొట్టంలో 100 మిల్లీ పెట్రోలు, 10 మిల్లీ నీళ్ళు పోసి కుదిపి వదిలెయ్యండి. అడుగు పొర దాదాపు 30 దాకా పెరుగుతుంది, పెరిగినదంతా ఇథనాలే. ఆ పెట్రోలు మాత్రం మళ్ళీ మిషన్లో పొయ్యకండి.

పెందుర్తి కుర్రోడు:
నాకు తెలిసిన ఆయన 2టీ ఆయిల్ డబల్ కలుపుతాడు, ఇంజనుకి బలం అంటాడు.

ఎంవీపీ కాలనీ రిటైర్డ్:
బలం కాదు బాబూ, మసి. లీటరుకు 20 మిల్లీ అంటే 50కి 1, మంచి టూ స్ట్రోక్ ఆయిల్‌కి సరిపోతుంది. మామూలు ఆయిల్‌కీ, చాలా చైనా మిషన్లకూ 25కి 1 రాస్తారు, అంటే 40 మిల్లీ. ఏది రాస్తే అది. ఆయిల్ పెంచితే అదే జెట్టులోంచి వెళ్ళే పెట్రోలు ఆ మేరకు తగ్గుతుంది, అంటే మీ ఆయన బలం కోసం ఇంజన్ని ఇంకా పలచన చేస్తున్నాడు. సైలెన్సర్ జాలీకి మసి పట్టి, పొగ బయటకు పోక, పవరు చచ్చిపోతుంది. జాలీ తీసి వైరు బ్రష్షుతో రుద్దితే సగం మిషన్లు బతుకుతాయి.

ఉద్దానం కొబ్బరి:
50కి 1 అని రాసుకున్నంత తేలిక కాదండీ తోటలో. 2018లో తిత్లీ తుఫాను మా పలాస వైపు కొట్టినప్పుడు కొబ్బరి, జీడి ఎక్కడివక్కడ పడిపోయాయి, చేతికి దొరికిన మిషనల్లా తోటల్లోకి వచ్చింది. నడిపేవాళ్ళలో సగం మంది ముందు రోజు దాకా దాన్ని ముట్టుకోనివాళ్ళు. ఒకడు ఖాళీ డబ్బాలో ఉత్త పెట్రోలు తెచ్చి పోసేశాడు, పది నిమిషాల్లో పట్టేసింది. అప్పటి నుంచి మా ఇంట్లో కలిపిన డబ్బా ఎర్రది, ఉత్తది తెల్లది, పిల్లలకి కూడా తెలుసు.

ఆటోనగర్ పాత మెకానిక్:
2014 అక్టోబరు 12 తర్వాత మా దగ్గరా అదే కథ. హుద్‌హుద్ తుఫాను వెళ్ళిన మర్నాటి నుంచి రోడ్ల మీద చెట్లే, కరెంటు లేదు, బంకుల దగ్గర క్యూలు. పట్టేసిన మిషన్లు బస్తాలో వేసుకుని తెచ్చేవాళ్ళు. సిలిండర్ విప్పకుండానే సైలెన్సర్ తీసి లైటు వేసి ఆ బెజ్జంలోంచి పిస్టన్ చూస్తే రోగం తెలిసిపోతుంది. ఎగ్జాస్టు వైపే గీతలుంటే మిక్సరు పలచనై వేడెక్కింది. చుట్టూరా గీకేసి ఉంటే ఆయిల్ లేని పెట్రోలు. కార్బేటర్ తీసి అటు నుంచి చూస్తే ఇన్‌లెట్ వైపు మాత్రం మట్టి గీకినట్టు మసక గీతలుంటే ఫిల్టరు చిరిగింది, దుమ్ము తిన్నది. షెడ్డు తమ్ముడూ, నువ్వు ఇది చూశావా? పిస్టన్ గీకిపోయి ఉంటే ఎంత ట్యూనింగ్ చేసినా దండగ.

గోపాలపట్నం షెడ్డు:
చూశాను, ఎగ్జాస్టు వైపు రెండు సన్న గీతలు, గోరుకి తగలట్లేదు. రింగు అతుక్కోలేదు. బతికే ఉంది అనుకుంటున్నా.

అరకు కాఫీ:
మీ వాళ్ళెవరికీ రాని సమస్య నాది, అయినా చెప్తా. మాది అరకు పక్కన, కాఫీ మీద నీడ తగ్గించడానికి సిల్వర్ ఓక్ కొమ్మలు కోయిస్తాం. విశాఖలో సెట్ చేయించిన మిషను ఇక్కడికి తెస్తే బొయ్‌మని మూలుగుతుంది, పొగ, పికప్ ఉండదు. మేం ఉండేది 900 మీటర్ల పైన, గాలి పలచన, అందువల్ల అదే స్క్రూ మీద పెట్రోలు ఎక్కువైపోతుంది. అది సరే, ప్రమాదం రెండోది. ఇక్కడ స్క్రూ బిగించి సర్దుకున్న మిషన్ని మా బావమరిది అలాగే తీసుకెళ్ళి కింద అనకాపల్లి దగ్గర చింత దుంగ కోశాడు. సాయంత్రానికి పిస్టన్ పోయింది. ఘాట్ దిగాక హెచ్ మళ్ళీ విప్పుకోవాలని వాడికేం తెలుసు, నేను చెప్పలేదు. ఇప్పటికీ ఆ మాట వస్తే మా ఆవిడ నా వైపు చూస్తుంది.

భీమిలి సరుగుడు:
కోసే మాట ఎవరూ ఎత్తట్లేదేం. నాలుగు దుంగలకే ఆగిపోతోందంటే చైనుకి పదును ఉందా అసలు? మా సరుగుడు తోటల్లో ఇసుక బెరడులోకి ఎగిరి ఉంటుంది, ఒక్క పూటలో పళ్ళు మొండి అవుతాయి. పొట్టు చూస్తే చాలు, పలుకులు పలుకులుగా రాలితే పదునుంది, పిండిలా వస్తే లేదు. మొండి చైనుతో మిషన్ని నొక్కి కోస్తారు, ఇంజను వేడెక్కుతుంది, చైను తిరిగే బారు నల్లబడుతుంది, తిట్లు మాత్రం మెకానిక్‌కి. చిన్న మిషన్ల సన్న చైనుకి 4 మి.మీ. ఆకురాయి, పాయింట్ 325 అంగుళాల కొలత చైనుకి 4.8. ఏది దొరికితే దానితో రుద్దితే పన్ను గొంతు పాడవుతుంది. 30 డిగ్రీల వాలు, ముందుకి తోసేటప్పుడే ఒత్తాలి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తాలి, ప్రతి పన్నుకీ అన్నే తోపులు. ఒక వైపు పళ్ళు పొట్టి, ఇంకో వైపు పొడుగు అయితే కోత వంకర తిరుగుతుంది. నాకు తెలిసినవాళ్ళు బారు వంగిందని రెండు బార్లు మార్చారు, తప్పు ఆకురాయిది.

ఉద్దానం కొబ్బరి:
పన్ను ముందు ఉండే బుడిపె కూడా చెప్పండి. పదును పెట్టే కొద్దీ పన్ను దిగుతుంది, బుడిపె అలాగే ఉంటే పన్ను చెక్కని అందుకోదు. పన్ను కంటే బుడిపె 0.65 మి.మీ. కిందికి ఉంటే చాలు. ఎక్కువ అరగదీస్తే మిషను ఎగిరి మీదకి వస్తుంది, అది ఇంకా చెడ్డ. బారు ముక్కు పైభాగంతో కొబ్బరి మొద్దుని తాకొద్దు, చైను బ్రేకు పనిచేస్తోందో లేదో పొద్దున్నే చూసుకోవాలి.

పెందుర్తి కుర్రోడు:
బారు ఆయిల్‌కి బదులు లారీ నుంచి దించిన పాత ఇంజనాయిల్ పోస్తే ఏమవుతుంది? ఊరికే వస్తుంది కదా.

ఆటోనగర్ పాత మెకానిక్:
అందులో ఇనప పొడి ఉంటుంది, పంపు తినేస్తుంది. మసి నీ చేతులకీ బట్టలకీ, మట్టికీ. కొత్త ఆయిల్ చవకది పోసుకో, పాతది వద్దు.

గోపాలపట్నం షెడ్డు:
అందరికీ లెక్క చెప్తాను. మా అత్తగారి బీపీ మిషను బల్బు అడిగి తెచ్చి, మీరన్నట్టు ప్లగ్గు పగలగొట్టి గొట్టం అతికించా. మొదటిసారి 300 దాకా ఎక్కి పది సెకన్లలో 100కి జారింది. సబ్బు నీళ్ళు బూటు మడతలో పెట్టగానే ఉడికినట్టు బుడగలు! కొత్త బూటు తెచ్చి వేశాక గాలి నింపితే నిలిచింది, కానీ సిరంజితో లాగితే జారింది. అంటే సీలే, ముందు క్లచ్ వైపుది అనుకున్నా. క్లచ్ ఎలా విప్పాలో తెలియక గంట కుస్తీ పట్టి, చివరికి ఇది ఎడమ మరలని గుర్తొచ్చింది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది. పిస్టన్ ఆగడానికి ప్లగ్గు బెజ్జంలోంచి నైలాన్ తాడు దోపాను, ఇనప బోల్టు పెట్టి పిస్టన్ నెత్తి పొడుచుకున్న అనుభవం ఇదివరకే ఉంది. సీలు మార్చాక రెండు పరీక్షలూ నిలిచాయి.
తర్వాత కొత్తగా కలిపిన పెట్రోలు పోసి, చైను పదును పెట్టి, బారూ చైనూ బిగించి, పది నిమిషాలు వేడెక్కించి సెట్ చేశాను. ముందు ఎల్, పికప్ తడబడకుండా. తర్వాత స్లో స్పీడు, నా మీటరులో 2900, చైను కదలట్లేదు. చివర హెచ్: ఫుల్ రేసులో సన్నగా కీచుమనే చోటు నుంచి కొంచెం వెనక్కి విప్పితే గరగర మొదలైంది, దుంగలో పెట్టగానే ఆ గరగర పోయి శుభ్రంగా లాగింది. అక్కడ ఆపేశా. ఓనరు పట్టుకెళ్ళి ఐదు రోజులైంది, ఫోను లేదు.

ఆటోనగర్ పాత మెకానిక్:
దుంగలో పెట్టి చూశావు చూడు, అదీ. చాలామంది గాల్లో కీచుమనిపించి బాగుందని పంపేస్తారు, ఆ కీచే పిస్టన్ని మింగేది. డబ్బులు ఇచ్చాడా?

గోపాలపట్నం షెడ్డు:
బూటు, సీలు ఖరీదు ఇచ్చాడు. కూలి మూడుసార్లు పాడు చేసినందుకు చెల్లు అన్నాడు.

భీమిలి సరుగుడు:
పోనీలే, నలుగురికి చెప్తాడు. నా మిషను కూడా ఒకటుంది, పది నిమిషాలు బాగా నడిచి ఆగిపోతుంది, ట్యాంకు మూత విప్పితే సుయ్‌మని గాలి లోపలికి పోయి మళ్ళీ స్టార్టవుతుంది. దీనికీ ఆ బల్బు కావాలా?

గోపాలపట్నం షెడ్డు:
దీనికి అక్కర్లేదండీ, ట్యాంకు గాలి తీసుకునే వాల్వు మూసుకుపోయింది, తీసి శుభ్రం చేస్తే పోతుంది, ఆదివారం తెచ్చెయ్యండి. బల్బు ఎలాగూ లేదు, నిన్న అత్తగారు బీపీ చూసుకోవాలని తీసుకెళ్ళిపోయారు. సబ్బు వాసన ఎందుకొస్తోందని అడుగుతున్నారట.