పాత్రియా, మాత్రియా... మూడో మాట ఏమిటి?

నీలిసిరా:
బ్రెజిల్ పాటగాడు కయెతానో వెలోసో పాట ఒకటి వారం రోజులుగా వెంటాడుతోంది. పేరు లింగ్వా, 1984 నాటిది, మధ్యలో గాయని ఎల్జా సొఆరెస్ గొంతు వస్తుంది. లిస్బన్‌లో ఉన్న రోజుల్లో పక్కింటివాళ్ళు పెట్టేవారు. భాషే నా పాత్రియా అంటాడు, అంటే పోర్చుగీసులో స్వదేశం. వెంటనే, నాకు పాత్రియా లేదు, మాత్రియా ఉంది అంటాడు. ఆ పైన ఇంకేదో ‘త్రియా’ కావాలంటాడు. ఆ మొదటి అక్షరం ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. మూడింటినీ తెలుగులో ఎలా అనాలో కూడా చెబుదురూ.

గోదారిగట్టు:
ఫ్రాత్రియా. పితృ, మాతృ, భ్రాతృ. మూడూ మనకు చుట్టాలే. పితృభూమి లేదు, మాతృభూమి ఉంది, భ్రాతృభూమి కావాలి. సరిపోయింది కదా.

కందపద్యం:
సరిపోలేదండీ. పితృవనం అంటే మన నిఘంటువుల్లో శ్మశానం. పితృ అనగానే తద్దినం, తర్పణం గుర్తొస్తాయి గానీ జెండా గుర్తు రాదు. అసలు చిక్కు ఇంకొకటుంది. పాత్రియాకు మనం మామూలుగా రాసే తెలుగు మాట మాతృభూమే. అక్కడే దాన్ని ఖర్చుపెట్టేస్తే మాత్రియాకు ఏం మిగిలింది? తండ్రిని లేపి తల్లిని కూర్చోబెట్టడం వాళ్ళకు కొత్త. మన దేశం మొదటినుంచీ తల్లే. కాబట్టి తెలుగులో ఆ వాక్యం బరువంతా మూడో మాట మీదే పడుతుంది.

రాత్రిబండి:
పాత్రియా ఎందుకు లేదన్నాడో కూడా చూడాలి. 1964 నుంచి 1985 దాకా బ్రెజిల్‌లో సైనిక పాలన. 1968 డిసెంబరులో ఇతన్నీ తోటి పాటగాడు జిల్బెర్తో జిల్‌నీ పట్టుకుని జైల్లో పెట్టారు, 1969లో దేశం దాటించారు. 1972 దాకా లండన్‌లోనే. ఇంగ్లీషులో పాటలు రాసి ఆల్బం తెచ్చింది అక్కడ ఉండగానే, 1971లో. పాత్రియా అప్పట్లో సైనికుల నోట నానిన మాట. ఆ పేరు చెప్పి గెంటేసినవాళ్ళ మాటను ఇతను తనదిగా ఎలా వాడతాడు? మాత్రియా అంటే బాయియా రాష్ట్రంలోని సొంతూరు సాంతో అమారో అనీ, 105 ఏళ్ళు బతికిన వాళ్ళమ్మ దోనా కనో అనీ నా నమ్మకం.

గోదారిగట్టు:
నమ్మకం బాగుంది, కానీ మాత్రియా ఆయన సృష్టి కాదు. పోర్చుగల్ కవయిత్రి నటాలియా కొర్రెయా 1960లలోనే ఒక పుస్తకానికి ఆ పేరు పెట్టింది. ‘భాషే నా పాత్రియా’ కూడా పోర్చుగల్ కవి పెస్సోవా నుంచి వచ్చిందే, బెర్నార్దో సొఆరెస్ అనే మారుపేరుతో ఆయన రాసిన వచనంలోది.

పాతపుస్తకం:
ఇక మూడో మాట సంగతి. పోర్చుగీసు నిఘంటువులో ఉన్నది ఫ్రత్రియా, ఊనిక (నొక్కి పలకడం) ‘త్రి’ మీద. పాత ఏథెన్స్‌లో గోత్రం లాంటి బంధు సమూహం పేరు అది. పాటలో ఊనిక ‘ఫ్రా’ మీదికి వచ్చింది. అక్షరాలు అవే, మాట మాత్రం వేరు. గ్రీకు గోత్రాన్ని భ్రాతృభూమి అంటే నేను ఒప్పుకోను.

కందపద్యం:
ఊనిక జరిగింది పక్కనున్న రెండు మాటల ప్రాస కోసం. ప్రాస కోసం మాటను వంచే హక్కు కవికి లేదంటే మన పద్యాలు సగం చెరిపేయాలి.

పాతపుస్తకం:
వంచడం కాదు, కొత్త మాట పుట్టడం అంటున్నాను. అర్థం కూడా ఆ ఊనికతోనే మారింది.

రాత్రిబండి:
ఆ అర్థం మనకు గురజాడ ఎప్పుడో ఇచ్చాడు. దేశమంటే మట్టి కాదన్నాడు. అక్కడితో ఆగలేదు, ‘అన్నదమ్ముల వలెను జాతులు మతములన్నీ మెలగవలెనోయ్’ అన్నాడు. దేశభక్తి గేయంలో తల్లిని పిలవకుండా పక్కవాడి చెయ్యి పట్టుకోమన్న మనిషి ఆయన. చెట్టపట్టాల్ అన్న ఒక్క మాటలో ఫ్రాత్రియా మొత్తం ఉంది. నాకైతే ఆ గేయం చదివినప్పుడల్లా గొంతు పూడుకుపోతుంది.

కందపద్యం:
భాషే దేశం అన్న సగం మాత్రం రాయలవారిది. ఆముక్తమాల్యదలో ‘దేశంబు తెలుగు’ అన్నాక కదా ‘తెలుగు లెస్స’ అన్నది. అందరికీ చివరి పాదమే గుర్తుంటుంది.

గోదారిగట్టు:
కానీ అక్కడ చెప్పేవాడు దేవుడు, వినేవాడు రాజు. ఇక్కడ చెప్పేవాడు దేశం నుంచి పంపించేసిన పాటగాడు. పైగా ఇతను ఒక్క భాషకు కట్టుబడలేదు. 1994లో ఆల్బం నిండా స్పానిష్ పాడాడు, 2004లో ఇంగ్లీషు. 2002లో స్పెయిన్ దర్శకుడు అల్మొదోవర్ సినిమాలో కూర్చుని పాడింది మెక్సికో పాట. పరాయి భాషలో పాడినా పలుకులో బాయియా వినిపిస్తుంది. ఫ్రాత్రియా అంటే ఆ భాషలన్నీ అన్నదమ్ములనే అని నాకు గట్టిగా అనిపిస్తోంది.

నీలిసిరా:
అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడే మళ్ళీ విన్నాను. ఊనిక ‘ఫ్రా’ మీదే ఉంది. సంస్కృతం వదిలేసి ఇలా రాసుకున్నాను: ‘అయ్యగడ్డ లేదు, అమ్మగడ్డ ఉంది, అన్నదమ్ముల గడ్డ కావాలి.’

పాతపుస్తకం:
అయ్యగడ్డ, అమ్మగడ్డ బాగా కుదిరాయి. మూడోదానిలో అక్కచెల్లెళ్ళు ఏమైనట్టు? ఆ పాటలో ఎల్జా గొంతు ఉందని మీరే అన్నారు. తోబుట్టుగడ్డ అనండి.

కందపద్యం:
తోబుట్టుగడ్డలో ఊనిక ఎక్కడ పడుతుందండీ?