సమస్యాపూరణం: నిదుర చాలిన వాడెపో నీరసించె

మన విశాఖ పద్యమిత్రులకు ఈ వారం సమస్య, తేటగీతిలో:

నిదుర చాలిన వాడెపో నీరసించె

ఇంగ్లీషులో టయర్డ్, ఎగ్జాస్టెడ్, లిస్ట్‌లెస్, స్లగ్గిష్, లాంగ్విడ్ అని ఎన్నో ఛాయలున్నాయి. మనం అన్నిటికీ "నీరసంగా ఉందండీ" అనేస్తాం. మీ పూరణ ఏ ఛాయదో చదవగానే తెలియాలి. టయర్డ్ మాత్రం ఇక్కడ కుదరదు. అది నిద్రతో తీరేది, ఇతనికి నిద్ర చాలింది.

ఎంవీపీ కాలనీ నుంచి:

ఓడరేవున తన కొల్వె యుడిగినంత
వేకువనె లేవ పనిలేదు, వేగిరపడ;
కోర దగినట్టి దొక్కటి కూడ లేక
నిదుర చాలిన వాడెపో నీరసించె

చాలా బాగుందండీ. ఇది అచ్చంగా లిస్ట్‌లెస్. ఆ మాటలోని లిస్ట్‌కు పాత ఇంగ్లీషులో కోరిక అని అర్థం, మన జాబితాతో సంబంధం లేదు. మీ మూడో పాదం "కోర" అని మొదలై ఆ మూలాన్నే పట్టుకుంది. ఒంట్లో శక్తి ఉంది, దాన్ని ఖర్చు పెట్టాలన్న కోరికే లేదు. రిటైరైన వాళ్లను ఈ పద్యం కదిలిస్తుంది. కో-కూ యతి కూడా సరే.

గాజువాక నుంచి:

ఇనుము కరిగించు నూరిలో నింతి కకట
నెత్తురున మాత్ర మినుమేమొ నిండుకొనియె;
మెట్టు లెక్కిన రొప్పును, మేను వాలు;
నిదుర చాలిన వాడెపో నీరసించె

ఊహ అద్భుతం. ఇనుము తగ్గితే హిమోగ్లోబిన్ తగ్గుతుంది, కండరాలకు ప్రాణవాయువు సరిగా అందదు. ఎంత పడుకున్నా ఆ లోటు తీరదు. ఇక "నిండుకొనియె"! ఇంట్లో బియ్యం అయిపోతే అయిపోయాయి అనకుండా నిండుకున్నాయి అంటాం కదా. ఎగ్జాస్ట్ అన్న మాటకు లాటిన్ మూలంలో ఉన్నదీ పూర్తిగా తోడేయడమే. అయితే ఒక దోషం ఉంది. మొదటి పాదంలో ఇంతి, నాలుగో పాదంలో వాడు. అన్వయం చెడింది.

గాజువాక: గురువుగారూ, రక్తహీనత ఆడవాళ్లలోనే ఎక్కువ కదా, అందుకే ఇంతి అన్నాను. "చాలిన యామెయే" అంటే గణాలు సరిపోతాయి.

సరిపోతాయమ్మా, మీరు చెప్పిందీ నిజమే. కానీ ఇచ్చిన పాదాన్ని మార్చకూడదు. "నూరిలో నితని కకట" అనండి, యతీ నిలుస్తుంది. ఇంతి కోసం వేరే పద్యం రాయండి. అది రాయాల్సిన పద్యమే.

మధురవాడ నుంచి:

చెమట యారని యుక్కలో చెట్టు కూడ
కదల దొడలెల్ల బరువెక్కె కనులు వాలె;
పనుల పేరన్ననే కాళ్లు పడవు ముందు;
నిదుర చాలిన వాడెపో నీరసించె

మొదటి రెండు పాదాల్లో మే నెల విశాఖ మొత్తం ఉంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. స్లగ్గిష్ అంటే ఇదే. మూడో పాదంతోనే నాకు పేచీ. "పనుల పేరన్ననే" అనగానే అది బద్ధకం అయిపోయింది, తప్పు మనిషి మీద పడింది. ఉక్కపోతకు అతన్ని నిందించడం న్యాయం కాదు.

మధురవాడ: ఒప్పుకుంటానండీ. ఇలా అయితే?

పనికి మనసున్న కాళ్లేమొ పడవు ముందు

ఇప్పుడు కుదిరింది! ఎంవీపీ కాలనీ వారి పద్యంలో మనసు రాలేదు, ఇక్కడ మనసుంది, ఒళ్లు రావడం లేదు. రెండు పద్యాలూ పక్కపక్కన పెట్టి చదవండి.

లాంగ్విడ్ జోలికి ఇంకా ఎవరూ పోలేదు. ఆ మందగమనంలో బాధ ఉండనక్కర్లేదు, సొగసూ సుఖమూ ఉండవచ్చు. రుషికొండ దగ్గర సాయంత్రం ఇసుకలో వాలిన వాణ్ని ఎవరైనా పద్యంలోకి తీసుకురండి. శృంగారమైనా సరే, "నీరసించె" అన్న క్రియను మాత్రం ఒప్పించాలి. ఆదివారం దాకా చూస్తాను.