సమస్యాపూరణం: కనులఁ జూడని చిత్రమే ఘనము నాకు

నిర్వాహకుడు (బరంపురం):
గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల పద్యమిత్రులందరికీ నమస్కారం. 2024 ముగింపుకు వచ్చింది. ఈ ఏడాది మీకు మిక్కిలి నచ్చిన సినిమానో, పాటనో, నాటకాన్నో, ఆటనో తలచుకుంటూ పూరించడానికి వీలుగా ఈ వారం సమస్య ఇస్తున్నాను.

కనులఁ జూడని చిత్రమే ఘనము నాకు.

ఛందస్సు తేటగీతి. ప్రాసనియమం లేదు, ప్రాసయతి (మొదటి అక్షరానికి బదులు రెండో అక్షరంతో యతి కుదర్చడం) చెల్లుతుంది. కంటితో చూడని సినిమా గొప్పదెలా అయిందన్నదే ఇందులోని చిక్కు. దానిని మొదటి మూడు పాదాలలోనే విప్పాలి. దేనిని తలచుకుని రాశారో, అందులో మీ మనసు ఎక్కడ ఆగిందో పద్యం కింద రెండు మాటల్లో చెప్పండి. ఏడాది వినోదాలను తలచుకోవడమంటే పేర్లు వరుసగా అప్పజెప్పడం కాదు. ఎందుకు నచ్చిందో తెలిసినప్పుడే అది మీ ఇష్టం అవుతుంది, లేకపోతే ఊరందరి ఇష్టంగానే మిగిలిపోతుంది.

సభ్యురాలు (బరంపురం):

వంటయింటిలో రేడియో పాడుచుండ
సగము తెగిన మాటలలోనె జగము తోచె
వినుచు నే కథ యంతయుఁ గనితి మదిని
కనులఁ జూడని చిత్రమే ఘనము నాకు.

ఈ ఏడాది సెప్టెంబరు 20తో అక్కినేని నాగేశ్వరరావు గారు పుట్టి నూరేళ్లు నిండాయి. ఆ సందర్భంగా నేను 'దేవదాసు'ను సంక్షిప్త శబ్దచిత్రంగా, అంటే మాటలూ పాటలూ మాత్రమే వినిపించేలా కుదించిన రూపంలో, రేడియోలో విన్నాను. 1953 నాటి ఆ సినిమాను ఇంతవరకు తెర మీద చూడలేదు. చివర దుర్గాపురం దారిలో బండి సాగుతున్నప్పుడు ఆ గొంతులోని నీరసం విని, పొయ్యి మీద పాలు మరచిపోయి నిలబడిపోయాను.

నిర్వాహకుడు:
అమ్మా, చిక్కును సహజంగా విప్పారు. శబ్దచిత్రం చెవికి అందే చిత్రమే కనుక సమస్యలోని వైరుధ్యం పూర్తిగా తీరిపోయింది. 'సగము తెగిన మాటలు' అన్న ప్రయోగం నాకు ఎంతో నచ్చింది. కొండల అవతల నుంచి వచ్చే ప్రసారాన్ని ఈ ప్రాంతంలో విన్నవారెవరికైనా ఆ తెగడం అనుభవంలో ఉంటుంది. మాట తెగిన చోట వినేవారి ఊహ కలుగజేసుకుంటుంది కనుకనే 'జగము తోచె' అన్న మాటకు బలం వచ్చింది. మూడో పాదంలో వినుచు, గనితి అని ప్రాసయతి చక్కగా కుదిరింది. 'మదిని' అన్నారు కనుక చివరి పాదంలోని 'కనుల'తో పేచీ కూడా లేదు. ఒక్క సవరణ మాత్రం సూచిస్తాను. శబ్దచిత్రంలో పాటకన్నా సంభాషణదే పెద్దపీట, మీ మనసు ఆగినదీ మాట దగ్గరే. అందువల్ల మొదటి పాదాన్ని 'వంటయింటిలో రేడియో పలుకుచుండ' అంటే మీరు చెప్పదలచిన దానికి మరింత దగ్గరవుతుంది.

విద్యార్థి (గుణుపురం):
మాస్టారూ, మొదటి పాదంలో 'వ'కూ 'ప'కూ యతి చెల్లుతుందా?

నిర్వాహకుడు:
చెల్లుతుంది నాయనా. ప, ఫ, బ, భ, వ పరస్పరం యతిమైత్రి గల హల్లులు. అయితే హల్లుతో పాటు అచ్చుకు కూడా మైత్రి ఉండాలి. ఇక్కడ రెండూ అకారాలే కనుక ఇబ్బంది లేదు.

విద్యార్థి (గుణుపురం):

ఫోనులోఁ జూచితిని దాని పాటలన్ని
చదువు గంటలు గడచెను సందడించి
పరుల పొగడిక వినుటయే పండుగయ్యె
కనులఁ జూడని చిత్రమే ఘనము నాకు.

నేను రాసినది 'పుష్ప-2' గురించి. డిసెంబరు 5న విడుదలైనప్పుడు నాకు పరీక్షలున్నందువల్ల హాలుకు వెళ్లలేకపోయాను.

నిర్వాహకుడు:
ప్రయత్నం మెచ్చదగినది, గణాలన్నీ సరిగ్గా పడ్డాయి. దోషాలు మూడున్నాయి. మొదటి పాదంలో ఫో, పా అన్న అక్షరాలలో హల్లులకు మైత్రి ఉన్నా ఓకారానికీ ఆకారానికీ మైత్రి లేదు కనుక యతి తప్పింది. రెండోది అంతకన్నా పెద్దది. 'చూచితిని' అని మొదటే చెప్పి చివర 'జూడని' అంటే సమస్య విడకపోగా మరింత బిగుస్తుంది. 'పాటలన్నియు ఫోనులోఁ బలుకరించె' అంటే యతీ కుదురుతుంది, చూడడమన్న ప్రసక్తీ తొలగిపోతుంది. మూడోది మూడో పాదంలో ఉంది. పరుల పొగడిక వినడమే పండుగ అయితే ఆ ఇష్టం పరులదే కానీ నీది కాదు. ఆ పాటల్లో నిన్ను పట్టి నిలిపినదేమిటో ఆలోచించి ఆ పాదం మళ్లీ రాయి. రెండో పాదంలో 'సందడించి' కూడా అతకలేదు, దానికి నేనొక మార్గం చూపిస్తాను: 'చదువు గదిలోన నవె నాకు సందడయ్యె'.

సభ్యుడు (జయపురం):
సినిమా కాకపోయినా ఫరవాలేదన్నారు కనుక క్రికెట్టు మీద పంపుతున్నాను.

ఆఖరోవరు వేళకు నారె దివ్వె
వీధి కేకలె బంతిని విప్పి చెప్పె
గీఁత యంచున నందిన కేలి యొడుపు
కనులఁ జూడని చిత్రమే ఘనము నాకు.

జూన్ 29న బ్రిడ్జ్‌టౌన్‌లో జరిగిన టీ20 ప్రపంచకప్ ఫైనల్లో చివరి ఓవరుకు దక్షిణాఫ్రికాకు 16 పరుగులు కావాలి. మొదటి బంతికే మిల్లర్ కొట్టిన దెబ్బను సూర్యకుమార్ యాదవ్ సరిహద్దు గీత దగ్గర పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే మా వీధిలో కరెంటు పోయింది.

నిర్వాహకుడు:
నిర్దుష్టమైన పూరణ. బంతిని వీధి కేకలు విప్పి చెప్పాయనడం చాలా బాగుంది. మన జట్టు 7 పరుగుల తేడాతో గెలిచిందన్న ఊసు ఎత్తకుండా ఆ ఒక్క పట్టు మీదనే నిలబడినందుకు ప్రత్యేకంగా అభినందిస్తున్నాను.

సభ్యుడు (రాయగడ):

ఊరి హాలున నొకవార ముండిపోయె
చుట్టుఁ జూడ నే నొకఁడనే చూచువాఁడ
తార లెవ్వరు లేరంచు దాఁటి జనులు
కనులఁ జూడని చిత్రమే ఘనము నాకు.

సెప్టెంబరులో వచ్చిన '35 - చిన్న కథ కాదు' నాకు ఈ ఏటి మేటి చిత్రం. తిరుపతిలో నడిచే ఆ కథలో ఒక పిల్లవాడు, విలువ లేని సున్న ఒకటి పక్కన చేరితే పది ఎలా అవుతుందని అడుగుతాడు. నేను ఎన్నో ఏళ్లు లెక్కలు చెప్పినవాడిని. జవాబు తెలియక కాదు, ఆ ప్రశ్న న్యాయమైనదని ఒప్పుకునే ఓపిక మన తరగతి గదుల్లో లేక ఎందరు పిల్లలు లెక్కలకు దూరమవుతారో నాకు తెలుసు. సినిమా ఆ ఓపికను చూపించింది. అందుకే నాకు అది ఘనం.

సభ్యురాలు (బరంపురం):
అందులో తల్లి వేషం వేసిన నివేదా థామస్ పేరున్న నటి కదా, 'తార లెవ్వరు లేరంచు' అనడం సరికాదేమో.

సభ్యుడు (రాయగడ):
అది నా మాట కాదమ్మా, దాటిపోయిన జనుల మాట. అందుకే 'అంచు' అన్నాను. తారలంటే పెద్ద కథానాయకులేనని మన జనం అనుకుంటారు.

నిర్వాహకుడు:
మాస్టారి సమర్థన సబబుగానే ఉంది. ఈ పూరణలోని నేర్పు ఏమిటంటే, మూడో పాదం చివరనున్న 'జనులు' సమస్యాపాదానికి కర్త అవుతుంది. చూడనిది కవి కాదు, జనులు. సమస్యలో ఒక్క అక్షరం మార్చకుండా, ముందు పాదంలోని ఒక్క మాటతో అర్థాన్ని ఇలా మళ్లించడం అవధానులు తరచుగా చేసే పని. ఒక్క అభ్యంతరం చెప్పక తప్పదు. వచనంలో మీరు చెప్పిన సున్న ప్రశ్న అంత విలువైనదైతే పద్యంలో దాని జాడ ఎందుకు లేదు? ఖాళీ హాలుకు రెండు పాదాలు వెచ్చించారు. అందులో ఒకటి ఆ పిల్లవాడికి ఇవ్వవలసింది.

సభ్యురాలు (పర్లాకిమిడి):
మా తాతగారు చెప్పగా నేను రాసి పంపుతున్నాను. వారికి కొన్నేళ్లుగా చూపు లేదు.

పక్కఁ గూర్చుండి మనుమరాల్ పలుకుచుండఁ
దెరను దోఁచిన దెల్లను దీర్చి తీర్చి
చీఁకటుల లోన వెలుఁగయ్యెఁ జెవుల దారి
కనులఁ జూడని చిత్రమే ఘనము నాకు.

జూన్ 27న విడుదలైన 'కల్కి 2898 ఏడీ'కి తాతగారిని తీసుకువెళ్లాను. తెర మీద ఏం జరుగుతోందో చెవిలో చెబుతూ కూర్చున్నాను. అమితాబ్ బచ్చన్ అశ్వత్థామగా కనిపించినప్పుడు, నుదుటి మీద గాయం ఎందుకున్నదో నాకు తెలియక, గాయం ఉందని మాత్రమే చెప్పాను. అప్పుడు తాతగారు సౌప్తిక పర్వం కథ మొదలుపెట్టారు. నిద్రలో ఉన్న ఉపపాండవులను చంపడం, తలలోని మణిని పోగొట్టుకోవడం, చావు లేకుండా తిరగమన్న శాపం, అన్నీ చెప్పుకొచ్చారు. కొంతసేపు నేను తెర చూడడం మానేసి వారి మాటలే విన్నాను.

నిర్వాహకుడు:
అమ్మాయీ, మీ తాతగారికి నా నమస్కారాలు తెలియజెయ్యి. ఈ వారం వచ్చిన వాటిలో నేను ఎక్కువసార్లు పైకి చదువుకున్న పద్యం ఇదే. తక్కిన పూరణలలో చూడకపోవడానికి పరీక్షలో, కరెంటు కోతో, జనుల ఉదాసీనతో కారణమయ్యాయి. అవి లేకపోతే చూసి ఉండేవారే. ఇక్కడ ఆ అవకాశం లేదు. అయినా పద్యంలో ఎక్కడా దీనత్వం కనబడదు. 'దీర్చి తీర్చి' అన్న జంట మాటలో నువ్వు పడిన శ్రద్ధ అంతా ఉంది: తెర మీద ఒక్క క్షణంలో గడిచిపోయేదాన్ని మాటల్లో వరుసగా పేర్చి చెప్పడం తేలికైన పని కాదు. వ్యాకరణం కూడా ఎంత శుద్ధంగా ఉందో పిల్లలు గమనించాలి. 'పలుకుచుండ' ద్రుతాంతం (చివర నకారం చేరే మాట) కనుక తరువాతి 'తెర' 'దెర' అయింది. 'దీర్చి' క్త్వార్థం ('చేసి', 'చూసి' వంటి క్రియారూపం), కళ (నకారం చేరని మాట), కనుక దాని తరువాత 'తీర్చి' మారలేదు. దె, దీలకూ చీ, జెలకూ యతి చక్కగా చెల్లింది.

ఒక్క సంగతి అడగాలనిపిస్తోంది. నీ మాటలకు బదులుగా తాతగారు చెప్పిన తిక్కన గారి సౌప్తిక పర్వ కథ ఈ పద్యంలోకి రాలేదు. వారు దానిపై మరొక తేటగీతి చెప్పగలిగితే రాసి పంపు.

సభ్యుడు (బరంపురం):

మెట్ల పీఠముపై రాజు మీసమెత్తి
గంతు లిడుచుండ గజ్జెలు ఘల్లుమనఁగఁ
దెల్లవాఱెడి దాఁక నేఁ దృప్తిఁ గంటి
కనులఁ జూడని చిత్రమే ఘనము నాకు?

ఈ ఏడాది నేను చూసినవాటిలో ప్రహ్లాద నాటకాన్ని మించినది లేదు. మెట్ల వేదిక మీద హిరణ్యకశిపుడు ఎక్కుతూ దిగుతూ ఆడుతుంటే రాత్రి గడిచినట్టే తెలియలేదు.

సభ్యుడు (జయపురం):
చివర ప్రశ్నార్థకం పెట్టి సమస్యను కాదనడం సులువైన దారి కాదా?

నిర్వాహకుడు:
ప్రశ్నగా మార్చడం పూర్వకవులు కూడా అనుసరించిన పద్ధతే. కాకపోతే ఆ ప్రశ్నకు తగిన బలం ముందు పాదాల్లో ఉండాలి, లేకపోతే అది తప్పించుకోవడమే అవుతుంది. ఇక్కడ బలం ఉంది. మీసమెత్తడం, గజ్జెల చప్పుడు, తెల్లవారేదాకా సాగే ఆట, ఇవన్నీ కళ్లారా చూసినవాడు మాత్రమే చెప్పగలిగిన సంగతులు. గంజాం పల్లెల్లో ఇప్పటికీ ఆడే ఈ నాటకం 19వ శతాబ్దంలో జలంతర సంస్థానంలో రూపుదిద్దుకుంది. ఒడియా రచనే అయినా మన యక్షగానం ఎరిగినవారికి అది పరాయిగా తోచదు. తెలుగులో తొలి టాకీగా 1932లో వచ్చిన 'భక్త ప్రహ్లాద' కూడా రంగస్థలం మీద ఆడుతున్న నాటకాన్ని తెరకెక్కించినదే కనుక, సినిమా సమస్యకు ఈ నాటకంతో బదులు చెప్పడం నాకు ఎంతో ఉచితంగా తోచింది. 'దృప్తిఁ గంటి' అన్నది మాత్రం కొంచెం పలచన. అంతసేపు కూర్చున్న మనిషికి కలిగినది తృప్తి ఒక్కటేనా? నరసింహుడు వెలువడే ఘట్టం ఒక్క పాదానికైనా నోచుకోవలసింది.

సభ్యుడు (బరంపురం):
అది మరొక పద్యానికి దాచుకున్నాను. తేటగీతిలో ఆ ఘట్టం ఇమడదు, సీసం కావాలి.

నిర్వాహకుడు:
అయితే సీసమే పంపండి, ఎదురుచూస్తాను.

సభ్యురాలు (పర్లాకిమిడి):
తాతగారికి అన్ని పూరణలూ చదివి వినిపించాను. అశ్వత్థామ మీద పద్యం ఆలోచిస్తున్నామని చెప్పమన్నారు. గుణుపురం అబ్బాయి పద్యం సవరణలతో పూర్తిగా వినాలని కూడా అడుగుతున్నారు. ఆ మూడో పాదం ఎలా మారిందో తెలుసుకోవాలని వారి కోరిక.

విద్యార్థి (గుణుపురం):
తాతగారికి నమస్కారం. మాస్టారు చెప్పిన రెండు పాదాలూ తీసుకుని మూడో పాదం నేనే మార్చాను. ఆ పాటల్లో నన్ను పట్టినది దరువే.

పాటలన్నియు ఫోనులోఁ బలుకరించెఁ
జదువు గదిలోన నవె నాకు సందడయ్యె
దరువు విన్నంత నా కాలు తాళమిడెను
కనులఁ జూడని చిత్రమే ఘనము నాకు.