సముద్రపు గాలిలో నాన్నగారి చేతక్: ఉన్నదున్నట్టు ఉంచాలా, మార్చేయాలా?

పెదవాల్తేరు_చేతక్
(శనివారం, రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. ఇంట్లో గొడవ తేలక ఇక్కడికొచ్చాను. నాన్నగారి 1989 చేతక్ స్కూటరు నా దగ్గరుంది. బుక్ చేసిన నాలుగేళ్లకి చేతికొచ్చిన బండి. ఆదివారం వస్తే మెట్ల కింద నేనే విప్పుకుంటాను, నేనే బిగించుకుంటాను. మెకానిక్ దగ్గరికి పంపి పదేళ్లు దాటింది.

ఇప్పుడు మా మేనల్లుడు పట్టుబట్టాడు. స్పార్క్ పుట్టించే పాత పాయింట్లు పీకేసి వాటి బదులు సీడీఐ అనే ఎలక్ట్రానిక్ పరికరం పెట్టాలట, ట్యూబ్‌లెస్ టైర్లు వేయాలట, బోల్టులన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలట, హెడ్‌లైటు ఎల్ఈడీ కావాలట. "మామయ్యా, మనం వైజాగ్ బీచ్‌కి కిలోమీటరు దూరంలో ఉన్నాం. నువ్వు ఒరిజినల్ అంటే ఉప్పుగాలి వింటుందా?" అని అడుగుతాడు. ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోతే చివరికి నాన్న బండి అని చెప్పుకోవడానికి నంబరు ప్లేటు ఒక్కటే మిగులుతుందని నా బాధ. అసలు రిపేరు ఎక్కడితో ఆగుతుంది, మార్పు ఎక్కడ మొదలవుతుంది? మీరేమంటారు?

గాజువాక_ఫిట్టరు
(శనివారం, రాత్రి 9:52)

మాస్టారూ, ముందు మీ మేనల్లుడికి నా తరఫున ఒక టీ ఇప్పించండి. ముప్పై ఏళ్లకి పైబడిన బండిలో ఒరిజినల్ ఎంత మిగిలిందో మీకూ తెలుసు. కేబుళ్లు, క్లచ్ ప్లేట్లు, రింగులు ఎన్నిసార్లు మారి ఉంటాయి? రెండుసార్లైనా బోర్ కొట్టించే ఉంటారు. అవన్నీ రిపేరు, సీడీఐ మాత్రం అపచారమా?

ఆటోనగర్‌లో షెడ్డు నడుపుతున్నాను కాబట్టి చెబుతున్నాను. మన ఊళ్లో పాయింట్లకి ఆయుష్షు తక్కువ. వానాకాలం పొద్దున్న చెమ్మ పట్టేస్తుంది. ఫ్యాన్ కిటికీలోంచి ఒంటికన్నుతో చూసుకుంటూ గీకాలి, గ్యాప్ 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్ల మధ్య పెట్టాలి, నాలుగు వారాలకి మళ్లీ అదే పూజ. సీడీఐలో అరిగిపోయే పాయింటే ఉండదు. పెట్టించేయండి. పాత పాయింట్ల ప్లేటు గుడ్డలో చుట్టి అలమరాలో పెట్టుకోండి, ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్లీ బిగించుకోవచ్చు.

ఎల్ఈడీ విషయంలో మాత్రం అబ్బాయిని ఆపండి. చేతక్‌లో ఇంజనుతో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించే మాగ్నెట్ నుంచి వచ్చేది ఏసీ కరెంటు. దాన్ని అదుపులో పెట్టే రెగ్యులేటరూ, డీసీగా మార్చే రెక్టిఫైయరూ లేకుండా ఎల్ఈడీ పెడితే ఐడిల్‌లో మిణుకుమిణుకుమంటుంది, రేసు ఇచ్చేసరికి కాలిపోతుంది.

ఇంకొకటి. లాగి తీసే పుల్లర్ పనిముట్టు లేకుండా మాగ్నెట్‌ని సుత్తితో కొట్టి ఊడదీసేవాళ్లు ఇళ్లల్లో ఎక్కువయ్యారు. నా షెడ్డుకొచ్చే పనిలో సగం మీలాంటి ఆదివారం మెకానిక్‌ల పుణ్యమే. ఏమనుకోకండి.

పెదవాల్తేరు_చేతక్
(శనివారం, రాత్రి 10:15)

అనుకోను. పుల్లర్ ఉంది. సుత్తి కూడా ఉంది, కానీ దాన్ని కొబ్బరికాయలకే వాడతాను.

కంచరపాలెం_కాగితాలు
(ఆదివారం, ఉదయం 7:30)

ఆర్‌సీ పనులు చేయించి పెట్టే వాణ్ణి. మీరిద్దరూ స్పార్క్ దగ్గరే ఉన్నారు, చట్టం మాట ఎవరూ ఎత్తలేదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీలో ఉన్న వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో శిక్ష కూడా చేరింది: అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. పెట్రోలు బండిని బ్యాటరీ బండిగా మార్చాలన్నా దారి ఉంది కానీ ముందు అనుమతి తీసుకోవాలి.

సీడీఐ ఆర్‌సీలో కనబడే వివరం కాదు కాబట్టి దాని గురించి ఎవరూ అడగరనుకుంటాను. రంగు కనబడుతుంది, ఇంజను నంబరు కనబడుతుంది. సైలెన్సరైతే వినబడుతుంది కూడా. బీచ్ రోడ్డులో పోలీసులు మార్చిన సైలెన్సర్లన్నీ వరసగా పేర్చి వాటి మీద రోడ్ రోలర్ నడిపించారు, మర్చిపోకండి.

రెన్యువల్ గడువు కూడా చూసుకోండి. 15 ఏళ్ల తర్వాత ప్రతి అయిదేళ్లకీ రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించాలి. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన టూవీలర్‌కి ఫీజు 2,000 చేశారు. ఫిట్‌నెస్ పరీక్షలో చూసేవాళ్లకి మీ నాన్నగారి జ్ఞాపకాలు అక్కర్లేదు, బ్రేకు పడితే చాలు.

భీమిలి_జీడితోట
(ఆదివారం, ఉదయం 8:45)

కాగితాలు బాబాయ్ చెప్పింది బాగానే ఉంది. మరి మా కలుపు తీసే వీడర్‌కీ గడ్డి కోసే మిషన్‌కీ ఆర్‌సీ లేదు కదా, వాటిని ఇష్టం వచ్చినట్టు మార్చేయొచ్చేటి? నేనూ అలాగే అనుకున్నాను. ఏమైందో చెబుతాను.

మాకు భీమిలి అవతల జీడి, కొబ్బరి ఉన్న చిన్న తోట ఉంది. పవర్ వీడర్ కొన్నాం. హ్యాండిల్ మీద ఒక లివర్ ఉంటుంది. దాన్ని పట్టుకున్నంత సేపే కత్తులు తిరుగుతాయి, చెయ్యి తీస్తే ఆగిపోతాయి. రెండు గంటలు పట్టుకునేసరికి వేళ్లు తిమ్మిరెక్కిపోతున్నాయి. పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి లివర్‌ని హ్యాండిల్‌కి కట్టేశాను. నా తెలివికి నేనే మురిసిపోయి, పక్క తోట ఆయనకి కూడా నేర్పాను.

మూడో రోజు వరస చివర రివర్స్ వేశాను. మిషన్ నా మీదికి వస్తోంది, నేను వెనక్కి నడుస్తున్నాను, వీపుకి కొబ్బరి చెట్టు తగిలింది. ఇంకా వెనక్కి పోవడానికి చోటు లేదు. చేతులు రెండూ తీసేశాను, అది మాత్రం ఆగలేదు, ట్యూబు దాని పని అది చేస్తోంది. ఎలాగో ఇంజను స్విచ్ అందింది. కుడి కాలి బూటు ముందు భాగం కత్తుల్లోకి పోయింది. లోపల వేళ్లు ఉన్నాయి, దేవుడి దయ. ఆ వేళ చెప్పులతో వచ్చి ఉంటే ఇది రాయడానికి కూడా తీరిక ఉండేది కాదు, ఆసుపత్రిలో ఉండేవాణ్ణి.

అందుకే మీ ఒరిజినల్ గొడవ నాకు అర్థం కాదు. బండిని నడిపించే సామాను ఏదైనా మార్చుకోండి, కార్బొరేటరో కాయిలో, మీ ఇష్టం. ఆపే సామాను, మనిషికీ కత్తికీ మధ్యన ఉండే సామాను మాత్రం ముట్టుకోకండి. మొన్న గడ్డి కోసే బ్రష్ కట్టర్ గార్డు అడ్డంగా ఉందని మా పనివాడు పీకేస్తే మళ్లీ నేనే బిగించాను.

గాజువాక_ఫిట్టరు
(ఆదివారం, ఉదయం 9:20)

జీడితోట అన్నా, బతికారు. కానీ మీరు గీసిన గీత నాకు పూర్తిగా నచ్చలేదు. నడిపించే సామానులోనే ఆపేది కూడా ఉంటుంది. ఇంజను వేగాన్ని హద్దులో ఉంచే గవర్నర్ చూడండి. ఆ చిన్న పెట్రోలు ఇంజన్లు నిమిషానికి 3,600 చుట్లు, ఆ చుట్టుపక్కలే తిరగాలని చేసినవి. "పవర్ తక్కువుంది" అని గవర్నర్ స్ప్రింగు బిగించేస్తారు. కొన్నాళ్లు బ్రహ్మాండంగా ఉంటుంది, తర్వాత కనెక్టింగ్ రాడ్ విరిగి కేసింగ్ చీల్చుకుని బయటికొస్తుంది. స్ప్రింగు ఎటు పక్కదో చెప్పండి చూద్దాం.

మర్రిపాలెం_లెక్చరరు
(ఆదివారం, మధ్యాహ్నం 2:05)

కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. భోజనం చేసి చదువుతున్నాను, ఆ స్టెయిన్‌లెస్ బోల్టుల సంగతి ఎవరూ పట్టించుకోలేదేమిటి? అన్నిటికన్నా ప్రమాదం అదే.

చేతక్ ఇంజను కేసింగ్ అల్యూమినియం. అందులో స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు బిగించి, మధ్యలోకి ఉప్పునీటి తడి రానిస్తే మీరు చిన్న బ్యాటరీ తయారు చేసినట్టే. రెండిట్లో అల్యూమినియం బలహీనమైనది, తినబడేది అదే. బోల్టు తళతళలాడుతూ ఉంటుంది, దాని చుట్టూ మరలు తెల్లటి పొడైపోతాయి. రెండేళ్ల తర్వాత విప్పబోతే మరలతో సహా ఊడొస్తుంది, లేదా బోల్టు తల తెగిపోతుంది. అబ్బాయి తుప్పుకి విరుగుడు అనుకుంటున్నాడు, తుప్పుని బోల్టు మీంచి ఇంజను మీదికి బదిలీ చేస్తున్నాడు.

పెదవాల్తేరు_మేనల్లుడు
(ఆదివారం, మధ్యాహ్నం 2:40)

ఆ మేనల్లుణ్ణి నేనే. మామయ్య నన్ను అడక్కుండా నా మీద పంచాయితీ పెట్టాడని ఇప్పుడే తెలిసింది.

సార్, ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల మీద అంతా స్టెయిన్‌లెస్సే కదా? సముద్రంలో పనికొచ్చేది పెదవాల్తేరులో పనికిరాదా? జింక్ పూత బోల్టులు ఇక్కడ రెండు వానాకాలాలకి ఎర్రబడిపోతున్నాయి. హుద్‌హుద్ అప్పుడు, 2014 అక్టోబరు 12న, ఆ బండి మీద ఉప్పునీళ్లు ఎంత కొట్టాయో మామయ్యని అడగండి. అప్పటి బోల్టులు కొన్ని ఇప్పటికీ రావట్లేదు.

మర్రిపాలెం_లెక్చరరు
(ఆదివారం, మధ్యాహ్నం 3:10)

మంచి ప్రశ్న. ఈసారి హార్బర్‌కి వెళ్లినప్పుడు గట్టెక్కించిన ఇనుప బోటు ఏదైనా ఉంటే వంగి అడుగు భాగం చూడు. అక్కడక్కడా బూడిదరంగు దిమ్మలు బిగించి ఉంటాయి. అవి జింక్. బోటు ఇనుము బదులు అవి కరిగిపోవాలనే పెడతారు, అరిగాక మారుస్తారు. బోటు వాడికి ఈ లెక్క తెలుసు. నీ స్కూటరుకి అలా బదులు కరిగేది ఏముంది? కేసింగే.

అయితే పూర్తిగా వద్దనను. మరలకి, అవి పట్టేయకుండా ఉంచే యాంటీ సీజ్ పేస్టు గానీ చిక్కటి గ్రీజు గానీ పూసి బిగించి, ఏడాదికోసారి విప్పి చూసుకునే ఓపిక ఉంటే పెట్టుకో. ఇనుము ఇనుముని కలిసే చోట, నంబరు ప్లేటుకీ మడ్‌గార్డుకీ, ఇంత రభస లేదు. ఎర్రబడిన బోల్టు పది రూపాయలకి దొరుకుతుంది, మరలు పోయిన కేసింగ్‌ని లేత్ దగ్గరికి మొయ్యాలి.

పెదవాల్తేరు_మేనల్లుడు
(ఆదివారం, మధ్యాహ్నం 3:25)

సరే సార్. కేసింగ్‌కి వద్దు. ట్యూబ్‌లెస్ మాత్రం వదలను. బీచ్ రోడ్డులో పంక్చరై నెట్టుకొచ్చింది నేను, మామయ్య కాదు.

గాజువాక_ఫిట్టరు
(ఆదివారం, మధ్యాహ్నం 3:50)

తమ్ముడూ, చేతక్ చక్రం రెండు రేకు ముక్కలు కలిపి నట్లతో బిగించినది. ఆ అతుకులోంచి గాలి పోతుంది, అందుకే లోపల ట్యూబు. ట్యూబ్‌లెస్ కావాలంటే రిమ్ మార్చాలి. అప్పుడు కాగితాలు బాబాయ్ నీ వెంట పడతారు.

ఈ మాట ఇంట్లో విప్పుకునేవాళ్లందరికీ. చక్రాన్ని హబ్‌కి పట్టే నట్లు వేరు, రెండు రేకుల్నీ కలిపి పట్టే నట్లు వేరు. టైరులో గాలి ఉండగా రెండో రకం నట్లు విప్పితే ఆ సగం రేకు ఎగిరి ముఖం మీదికొస్తుంది. ముందు గాలి పూర్తిగా తీయండి, వాల్వ్ పిన్ను కూడా తీసి పక్కన పెట్టండి, అప్పుడు పానా పట్టుకోండి. ఒరిజినల్ బండిలో ఉన్న ప్రమాదం ఇది. పాతది కాబట్టి భద్రం అనుకునేవాళ్ల కోసం చెబుతున్నాను.

భీమిలి_జీడితోట
(ఆదివారం, సాయంత్రం 6:15)

నాదొక అనుమానం, పెట్రోలు గురించి. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపి ఇస్తున్నారు కదా. మా బ్రష్ కట్టర్‌ని వానాకాలం అయ్యాక పక్కన పెట్టి సంక్రాంతికి తీస్తే స్టార్ట్ అవదు. ట్యాంకు అడుగున నీళ్లలాంటిది కనబడుతోంది. పైపు కూడా ఉబ్బిపోయింది. వేరే రకం పైపు వేస్తే రిపేరా, మార్పా?

మర్రిపాలెం_లెక్చరరు
(ఆదివారం, సాయంత్రం 6:40)

ఇథనాల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది, మన ఊరి గాల్లో తేమకి కొదవ లేదు. ఒక స్థాయి దాటాక ఇథనాలూ నీళ్లూ కలిసి అడుగుకి దిగిపోతాయి. మీరు చూసింది అదే. పాత రబ్బరు కూడా ఇథనాల్‌కి తట్టుకోదు. పక్కన పెట్టే ముందు ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతటదే ఆగిపోయేదాకా నడిపించండి, కార్బొరేటర్ ఎండిపోతుంది. పైపు ఇథనాల్‌కి తట్టుకునే రకం వేయండి. దాన్ని మార్పు అనుకుంటే, ముందు మారింది పెట్రోలు.

పెదవాల్తేరు_చేతక్
(ఆదివారం, రాత్రి 9:30)

అందరి మాటా చదివి సాయంత్రం బండి దగ్గర కూర్చున్నాను. సీడీఐకి ఒప్పుకుంటున్నాను. పాయింట్ల ప్లేటు అలమరాలోకే పోతుంది, ఫిట్టరు గారి మాట నచ్చింది. ఎల్ఈడీ లేదు, ట్యూబ్‌లెస్ లేదు. పెట్రోలు పైపు రేపే.

కానీ అసలు సంగతి వేరే బయటపడింది. కాళ్లు పెట్టే చోట రబ్బరు మ్యాటు ఎన్నాళ్లుగానో ఎత్తలేదు. ఎత్తి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూస్తే అది అవతలికి దిగిపోయింది. రెండు రోజులుగా స్పార్క్ గురించి వాదించుకుంటున్నాం, కింద నేల లేదు. ఇంట్లో వెల్డింగ్ మిషన్ ఉంది, రేకు ముక్క వేసి అతికేద్దామనుకుంటున్నాను.

గాజువాక_ఫిట్టరు
(ఆదివారం, రాత్రి 9:41)

ఆగండి. చేతక్‌కి ఛాసిస్ విడిగా ఉండదు, ఆ రేకు ఒళ్లే ఛాసిస్. ఫ్లోరు పోయిందంటే ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య వంతెన పోయినట్టు. పైన రేకు అతికితే చూడ్డానికి బాగుంటుంది, గుంతలో పడినప్పుడు మడత పడుతుంది. తుప్పు ఎక్కడిదాకా పోయిందో మంచి రేకు కనబడేదాకా కోయాలి, బండి వంకరపోకుండా ఆనింపులు పెట్టి అతకాలి. ఇది మెట్ల కింద పని కాదు, షెడ్డుకి తీసుకురండి. బేరం కోసం అనట్లేదు, కావాలంటే వేరే షెడ్డుకి వెళ్లండి.

కంచరపాలెం_కాగితాలు
(ఆదివారం, రాత్రి 9:48)

ఎక్కడ చేయించినా ఛాసిస్ నంబరు కొట్టిన చోట గ్రైండర్ పెట్టనివ్వకండి. అది చెరిగితే ఏ సెక్షనూ కాపాడదు.

పెదవాల్తేరు_మేనల్లుడు
(ఆదివారం, రాత్రి 9:55)

మామయ్యా, వెల్డింగ్ అంటున్నావు, పెట్రోలు ట్యాంకు దింపావా? ఖాళీగా ఉంది కదా అని వదిలేయకు, ఖాళీ ట్యాంకులో ఆవిరే ఎక్కువ ప్రమాదం.

పెదవాల్తేరు_చేతక్
(ఆదివారం, రాత్రి 10:02)

దింపేశాను. వెల్డింగ్ మానేశాను. రేపు ఆరింటికి రా, ట్రాలీ ఆటోలో ఎక్కించి గాజువాక తీసుకెళ్దాం. నువ్వు కొన్న స్టెయిన్‌లెస్ బోల్టుల్లో నాలుగు తీసుకురా, నంబరు ప్లేటుకి.