ఒకే మోచేతికి రెండు ఆష్‌వర్త్ గ్రేడులు: ఎవరిది సరైనది?

ప్రశ్న:
నేను ఫిజియోథెరపీ చివరి సంవత్సరం విద్యార్థిని. పక్షవాతం వచ్చి నాలుగు నెలలైన ఒక రోగి కుడి మోచేతిని ఉదయం పరీక్షించి, కండరాల బిగువుకు గ్రేడు ఇచ్చే సవరించిన ఆష్‌వర్త్ కొలమానంలో 2 అని రాశాను. అదే రోజు సాయంత్రం మా సీనియర్ 1+ అని రాశారు. పొరపాటు ఎవరిది? పైగా, చేయి చాచేటప్పుడు తగిలే నిరోధం స్పాస్టిసిటీ (సాగదీస్తే నరాల ప్రతిచర్యగా కండరం బిగియడం) వల్ల వస్తున్నదో, కండరమే కురచబడటం వల్ల వస్తున్నదో నాకు తేలడం లేదు.

మొదటి సమాధానం:
పొరపాటు ఎవరిదీ కాకపోవచ్చు. చేయి ఒకచోట పట్టేసి, అక్కడి నుంచి సగం కన్నా తక్కువ కదలికలో మాత్రమే స్వల్ప నిరోధం మిగిలితే 1+. కదలికలో చాలా భాగం అంతటా బిగువు స్పష్టంగా తెలుస్తున్నా చేయి సులువుగానే కదిలితే 2. 1964 నాటి ఆష్‌వర్త్ కొలమానంలో ఈ 1+ లేదు, 1987లో బొహానన్, స్మిత్ దాన్ని చేర్చారు. నా అనుభవంలో పరీక్షకుల మధ్య తగువంతా అక్కడే వస్తుంది. రోగి పడుకున్నారా కూర్చున్నారా, బిగువు తగ్గించే మందు బాక్లోఫెన్ వేసుకుని ఎంతసేపైంది, అంతకుముందు ఎన్నిసార్లు చేయి సాగదీశారు అన్నవి ఇద్దరూ రాసుకున్నారా?

రెండో సమాధానం:
మీ రెండో సందేహానికి ఆష్‌వర్త్ జవాబు చెప్పదు, ఎందుకంటే అది నిరోధం ఎంత ఉందో చూస్తుందే గాని ఎందుకు ఉందో చూడదు. 1980లో లాన్స్ ఇచ్చిన నిర్వచనం ప్రకారం స్పాస్టిసిటీ అనేది సాగదీసే వేగాన్ని బట్టి పెరిగే బిగువు కాబట్టి, వేగాన్ని మార్చి చూడాల్సిందే. టార్డ్యూ పద్ధతిలో మొదట చేతిని వీలైనంత నెమ్మదిగా చాచి అది ఆగిన కోణాన్ని, తర్వాత వీలైనంత వేగంగా చాచి పట్టేసిన కోణాన్ని గోనియోమీటర్‌తో కొలుస్తారు. రెండింటి మధ్య తేడా పెద్దదైతే నిరోధంలో ప్రతిచర్య పాలు ఎక్కువ, కండరాన్ని సడలించే బొటులినమ్ టాక్సిన్ వంటివాటికి అవకాశం ఉంటుంది. తేడా చిన్నదై, నెమ్మదిగా చాచినా చేయి ముందే ఆగిపోతే కండరం, కీలు బిగుసుకుపోయాయని అనుమానించాలి. వేగంతో నిమిత్తం లేకుండా, మడిచినా చాచినా ఒకేలా సీసపు గొట్టంలా వంగితే అది స్పాస్టిసిటీ కాదు, రిజిడిటీ. పార్కిన్సన్ వ్యాధిలో కనిపించేది అదే.

ప్రశ్న అడిగినవారు:
ఇవాళ ఇద్దరం ఒకే భంగిమలో కొలిచాం. నెమ్మదిగా చాచితే పూర్తి చాపుకు 35 డిగ్రీల ముందే ఆగింది, వేగంగా చాచితే 45 డిగ్రీల ముందే పట్టేసింది. తేడా 10 డిగ్రీలే.

రెండో సమాధానం ఇచ్చినవారు:
అయితే మీ గ్రేడుల తగువు కన్నా ఆ 35 డిగ్రీలే ముఖ్యం. చేతిని చాచి ఉంచే స్ప్లింటు (కట్టు బద్ద) గురించి, ఎక్కువసేపు నిలిపి ఉంచే సాగదీత గురించి మీ సీనియర్‌తో మాట్లాడండి. వీటితో వచ్చే మెరుగు తరచు స్వల్పమేనని రోగికి ముందే చెప్పండి. ఎప్పుడైనా బిగువు ఉన్నట్టుండి పెరిగితే మాత్రం మందు మోతాదు పెంచమనే ముందు మూత్రనాళ ఇన్ఫెక్షన్, మలబద్ధకం, ఒరిపిడి పుండ్లు ఉన్నాయేమో చూడండి.