సమస్యాపూరణం: పండు లెగిరి పోయెఁ బక్షి మిగిలె

నిర్వాహకుడు: పాలమూరు చెంత సుమారు 700 ఏండ్లుగా ఊడలు దించుకొంటున్న పిల్లలమర్రి మొదలు, ఇంటి ముందు అందానికీ నీడకూ పెంచుకొనే సింగపూరు చెర్రీ వరకు, చలికాలంలో పక్షులను రప్పించే చెట్లే ఈ వారం వస్తువు. పై ఆటవెలది పాదాన్ని పూరించగలరు.

మహబూబ్‌నగర్ మిత్రుడు:
మర్రి పండు లనుచు మనసార గనుచుండ
డేగ నీడ సోక వేగఁ జెదరి
పచ్చ పావురములె పై కెగసెను గదా!
పండు లెగిరి పోయెఁ బక్షి మిగిలె.

నిర్వాహకుడు: నీడను మాత్రమే చూపి, మిగిలిన పక్షి డేగయే అని పాఠకుని చేత అనిపించుట మెచ్చదగినది, రెండవ పాదంలో ప్రాసయతి (యతికి బదులు “డేగ–వేగ” అని రెండవ అక్షరాలు కలియుట) చక్కగా కుదిరింది. అయితే మర్రి పండు మాగితే ఎర్రబడుతుంది. పచ్చ పావురం ఆకుల్లో కలిసిపోతుందే గాని పండుగా భ్రమ గొల్పదు. మొదటి పాదాన్ని “జామ పండు లనుచు సంబరపడుచుండ” అని, మూడవదానిని “పచ్చ చిలుక లన్ని పై కెగసెను గదా” అని మార్చి చూడండి.

దేవరకొండ అధ్యాపకురాలు:
గోరువంక మూక కూడి మేసి కడుపు
నింపి మింట కెగసె నింపు గాను
ఆలసించి వచ్చె నా కోయిలమ్మయే
పండు లెగిరి పోయెఁ బక్షి మిగిలె.

నిర్వాహకుడు: అమ్మా, మధ్య ఆసియా వైపు నుండి చలికాలానికి గుంపులుగా దిగే గులాబీ గోరువంకలకూ, ఇక్కడనే కాపురముండే కోయిలకూ మర్రిపండ్ల దగ్గర పోటీ పెట్టడం సహజంగా ఉంది. “ఇంపు గాను” మాత్రం వ్యర్థపదం. “నిమిష మందు” అంటే యతి చెడదు, గుంపు తొందరా తెలుస్తుంది.

నల్లగొండ సభ్యుడు:
విత్తు పిట్ట కడుపు వీడి తాటిని మొల్చె
మర్రి యయ్యె నచట మాను పెరిగి
రాతి పక్షి యొకటి రచ్చబండను నిల్వ
పండు లెగిరి పోయెఁ బక్షి మిగిలె.

దేవరకొండ అధ్యాపకురాలు: రాతిపక్షి ఎక్కడి నుండి వచ్చిందో తెలియలేదు. సమస్య కోసం తెచ్చి నిలిపినట్లున్నది.

నిర్వాహకుడు: ఆ ఆక్షేపణ న్యాయమే. అయినను నా మొగ్గు ఈ పూరణ వైపే, ఎందుకంటే పండు ఎగరడానికి నిజమైన కారణం చెప్పినది ఇదొక్కటే: పిట్ట మింగిన గింజ రెట్టతో పాటు తాటిమట్టల సందున పడి మొలకెత్తి, వేళ్ళు దించి, చివరకు తాటినే కౌగిలించుకొన్న మర్రి మన నల్లగొండ పొలాల గట్ల మీద కనబడుతూనే ఉంటుంది. మర్రిచెట్లన్నీ ఒకే అదనున కాయవు. ప్రతి చెట్టు కాయలోపల పరాగం చేర్చే సూక్ష్మమైన కందిరీగ జాతి బ్రతకాలంటే ఎక్కడో ఒకచోట కాయలుండవలసినదే. అందుచేత ఒక చెట్టు ఖాళీ అయిన రోజున పక్షులు మరొకదానికి తరలిపోతాయి. మూడవ పాదంలో రాతి పక్షికి బదులు, అలా తరలిపోలేక ఆగిన నిజమైన పిట్టను నిలిపి సవరించి పంపండి. యతి “రా–ర” మారినా అభ్యంతరం లేదు.